బండికి ఎన్ని గీతల నూనె

మా ధర్మవరం వీధిలో పొద్దున పూట మోటారు సైకిలు స్టార్టు చేయకూడదని ఒక కట్టుబాటు ఉండేది. సర్కారు పెట్టింది కాదు, మగ్గాల వాళ్లందరూ కలిసి నా ఒక్కడి కోసం పెట్టింది. తెల్లవారేసరికి వీధి పొడవునా పట్టు పడుగులు సాగదీసి కట్టేవాళ్లు. ఈ కొయ్య నుంచి ఆ కొయ్య దాకా, నడుమెత్తున, వందల పోగులు. ఇంటిల్లిపాదీ అటొకరు ఇటొకరు నిలబడి వాటిని దువ్వుతూ, తెగిన పోగులు ముడివేస్తూ ఉండేవాళ్లు. అట్లాంటి వీధిలోకి ఒకరోజు నేను కొత్తగా కొన్న బండి మీద వచ్చాను. నేను దాటిపోయాక పొగ తేరుకోవడానికి చాలాసేపు పట్టిందట. తేరుకున్నాక చూస్తే తెల్లటి పడుగు బూడిద రంగుకు తిరిగింది.

ఆ పడుగు ఆసామి కేకలు వేయలేదు. నింపాదిగా మా ఇంటికి వచ్చి, అరుగు మీద మా నాయన పక్కన కూర్చుని, "ఏమప్పా, మీవోడు కొత్త రంగు కనిపెట్టినాడు. దానికేం పేరు పెడదాం?" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను బండిని రైలు గేటు దాకా తోసుకుంటూ పోయి, అక్కడ స్టార్టు చేసుకునేవాణ్ణి. కొన్నవాడు బండెక్కకుండా బండిని నడిపించుకుంటూ పోతుంటే, వీధిలో వాళ్లు ఆవుకు దారి ఇచ్చినట్టు పక్కకు జరిగేవాళ్లు.

ఇది అరవైల మధ్యలో మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. మా నాయన చీరలు నేయించి పెళ్లిళ్లవాళ్లకు అమ్మేవాడు. ఆ చీరలు మోసుకుని పెనుకొండ, హిందూపురం, రొళ్ల వైపు పల్లెలకు తిరగడం నా పని. బస్సు రోడ్డు మీద దింపేసి పోయేది. అక్కడి నుంచి రాళ్లలో, గుట్టల మీద మూటతో నడవాలి. అందుకని హిందూపురంలో ఒక క్వారీ కంట్రాక్టరు వాడిన పాత టూ స్ట్రోక్ బండి కొన్నాను. గుట్టలెక్కడానికని ఆయన దానికి ముందు మడ్‌గార్డు పైకెత్తించి, వెనక ముళ్లలాంటి కట్లున్న టైరు వేయించి, సైలెన్సరును రాళ్లు తగలకుండా సీటు పక్కకు లేపి కట్టించాడు. చూడ్డానికి పంచె ఎగ్గట్టుకుని వాగు దాటబోతున్న మనిషిలా ఉండేది.

టూ స్ట్రోక్ బండికి ఇంజను నూనె విడిగా పోయరు. పెట్రోలులోనే కలపాలి. ఎంత కలపాలని అమ్మేటప్పుడు కంట్రాక్టరును అడిగితే, "చూసి కలుపుకో" అన్నాడు.

"ఏం చూసి సార్?"

"పొగ చూసి."

మొదటి వారం పొగ తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. అందుకే హిందూపురం బస్టాండు వెనక ఉండే మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన ఇరవై ఏళ్లు బెంగళూరులో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. పెట్రోలు పీల్చి పీల్చి ముక్కు పూర్తిగా పనిచేయడం మానేసింది. పక్కన మురిక్కాలువ పొంగినా, ఎదురుగా బజ్జీలు వేగుతున్నా ఆయనకు ఒకటే. చెవి మాత్రం గొప్పది. బండి సందు మలుపులో ఉండగానే దాని రోగం చెప్పేవాడు.

ఆయన నాకు ఆసుపత్రి మిక్చరు సీసా ఒకటి ఇచ్చాడు. అప్పట్లో ఆసుపత్రిలో మందు పోసే సీసాకు, ఏ పూటకు ఎంత తాగాలో తెలియడానికి కాగితం గీతలు అంటించి ఇచ్చేవాళ్లు. దీనికి ఎనిమిది గీతలున్నాయి.

"అయిదు లీటర్ల పెట్రోలుకు ఎనిమిది గీతల నూనె. పొగ శానా వస్తే ఒక గీత తగ్గించు. తగ్గించినాక నాకు చూపించు" అన్నాడు.

తర్వాత పొడుం డబ్బా ఒకటి తీసి మూత తిప్పాడు. అందులో పొడుం లేదు. శనగగింజంత ఇత్తడి బిళ్లలు, ఒక్కొక్కదానికి నడిమధ్య కంటికి ఆననంత చిల్లి. అవే కార్బురేటరు జెట్లు.

"చూడప్పా, ఈ జెట్టుండాది గదా, ఇది బండికి గొంతు. పెద్ద నంబరంటే పెద్ద గొంతు, పెట్రోలు శానా తాగుతాది. చిన్న నంబరంటే తక్కువ తాగుతాది. ఏ గొంతు కావాలో ప్లగ్గు చెప్తాది. నల్లగుంటే తిండెక్కువైనట్ల. కాఫీ పొడి రంగు రావాల."

"తెల్లగుంటే?"

ఆయన నా బండిని ఒకసారి తేరిపార చూశాడు. "దీనికి ఆ రోగం రాదులే, పో."

ఇంటికి వచ్చి, ప్లగ్గు విప్పి, అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. మా నాయనకు ఆ బండంటే పడదు. నెల రోజులుగా దాని వైపు చూసినవాడు కాదు. కానీ రంగు మాట వినబడేసరికి లోపలి నుంచి వచ్చాడు. రంగుల్లో ఆయనను మించినవాడు మా వీధిలో లేడు. నేరేడు పండుకూ వంకాయకూ మధ్యలో ఆరు రంగులున్నాయని వాదించేవాడు.

"కాఫీ పొడి రంగంటే? లేతగా ఏయించిందా, మాడిందా? చికోరి కలిపిందా, కలపందా?"

"మేస్త్రీ అదేం చెప్పలేదు నాయనా."

"సరిగా చెప్పని మనిషి దగ్గరికి ఎందుకు పోతావు?" అని ప్లగ్గు తీసుకుని వెలుతురులోకి పోయాడు. తిప్పి తిప్పి చూసి, "ఇది కాటుక. పక్కన మాత్రం కాకి రెక్క" అని తేల్చాడు. ఆ రోజు నుంచి సాయంత్రం ఊళ్లు తిరిగి వచ్చాక ప్లగ్గు ఆయన చేతిలో పెట్టడం నాకు అలవాటైంది. బండంటే ఇప్పటికీ పడదు. ప్లగ్గు మాత్రం చూడాల్సిందే.

ఇంట్లో బండిని గమనిస్తున్న మనిషి ఇంకొకరున్నారు, మా అవ్వ. అంటే నాయన తల్లి. డెబ్బై దాటినా ఆముదం తన చేత్తోనే వండేది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైన తేలిన నూనెను గరిటెతో తీసి కుండలో పోసేది. తలకు ఆముదం, కాళ్ల పగుళ్లకు ఆముదం, కడుపు నొప్పికి ఆముదం, తలుపు కిర్రుమంటే ఆముదం. మా ఇంట్లో ఏ మనిషి తల ముట్టుకున్నా చేతికి జిడ్డే.

ఒక సాయంత్రం నేను బండి దిగగానే అవ్వ వచ్చి ఇంజను మీద అరచెయ్యి పెట్టబోయి చటుక్కున తీసింది.

"ఏమిరా, దీనికి ఒళ్లు కాలిపోతాండాది?"

"బండంటే అంతే అవ్వా. వేడెక్కుతాది."

"నూనె పోస్తాండావా?"

"పోస్తాండా. పొగ వస్తాండాదని ఒక గీత తగ్గించినా."

అవ్వ తల పంకించి లోపలికి పోయింది. మరుసటి రోజు తెల్లవారుజామున, నేను లేవకముందే, పెట్రోలు ట్యాంకు మూత తిప్పి ఒక గరిటె ఆముదం పోసింది. ఆ తర్వాత రోజూ ఒక గరిటె పోసింది. ఒంట్లో వేడి చేసినవాళ్లకు ఆమె చేసే వైద్యం అదే. ఇదంతా నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. వాసన పట్టుకోలేదా అంటే, రోజూ తలకు ఆముదం రాసుకుని బండెక్కే మనిషికి ఆముదం వాసన ఎక్కడి నుంచి వస్తోందని అనుమానమెందుకు వస్తుంది?

ఆముదం పెట్రోలులో బాగా కలవదు. రాత్రంతా నిలబడిన పెట్రోలులోకి పొద్దునే పోస్తే అడుగుకు దిగి కూర్చుంటుంది. అడుగున ఉన్నదే ముందు ఇంజనుకు పోతుంది. అందుకని రైలు గేటు దగ్గర నేను కిక్కరు తన్నగానే మబ్బు కమ్మినట్టు పొగ లేచేది. గేటు కాపలా మనిషి రైలు రాకపోయినా గేటు వేసేవాడు, ఎవరూ ఆ పొగలోకి రాకుండా. అయిదారు మైళ్లు పోయేసరికి బండి తేరుకునేది. మధ్యాహ్నానికి ముద్దొచ్చేట్టు నడిచేది.

పొగ ఎక్కువైందని నేను నూనె తగ్గించాను. ఎనిమిది గీతలు ఏడయ్యాయి, ఆరయ్యాయి, నాలుగయ్యాయి. నేను తగ్గించినట్టు తెలిసినప్పుడల్లా అవ్వ గరిటె నిండుగా ముంచేది. మేస్త్రీ జెట్లు తగ్గించుకుంటూ వచ్చాడు. నూటఅయిదు తీసి నూరు, నూరు తీసి తొంభైఅయిదు, అది తీసి తొంభై వేశాడు. ప్లగ్గు మాత్రం కాటుకే. మా నాయన ఒకరోజు "ఈపొద్దు కాటుకలో కొంచెం పసుపు జాడుండాది" అన్నాడు, ఆశగా.

అన్నిటికంటే వింత శనివారం. శనివారం బండి అసలు స్టార్టయ్యేది కాదు. కిక్కరు తన్ని తన్ని నా మోకాలు వాచేది. మగవాళ్లకు శనివారం తలంటు గదా, ఆ రోజు అవ్వ బండికి కూడా గరిటె బదులు చెంబుతో పోసేది. ఇది తెలియని నేను మేస్త్రీతో, "వారమంతా నడుస్తాది, శనివారం మాత్రం కదలదు" అని చెప్పాను.

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "శుక్రవారం పెట్రోలు యాడ పట్టిస్తాండావు?"

"శుక్రవారం పట్టించను. బుధవారమే పట్టిస్తా."

"అట్లయితే బుధవారం పెట్రోలు శనివారానికి చెడిపోతాండాది" అన్నాడు. తనకే నమ్మకం కలగక కార్బురేటరు విప్పాడు. అడుగు గిన్నెలో చిక్కగా, పసుపుగా, జిగటగా ఏదో ఉంది. వేలితో తీసి చూపించాడు. "ఇదేమప్పా, దీంట్లో పాయసముండాది?" ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ ముక్కుతో ఆయనకు ఏం తెలుస్తుంది? నన్ను చూడమన్నాడు. నేను వాసన చూసి, "ఏమీ రాలేదన్నా, నా వాసనే వస్తాండాది" అన్నాను. అది నిజమే.

ఇట్లా రెండు నెలలు గడిచాక, తనకల్లులో ఉండే మా అత్తకు జ్వరమని కబురొచ్చింది. అవ్వ కూతురి దగ్గరికి బయలుదేరింది. పోతూ పోతూ నాతో, "దాన్ని చూసుకోరా" అంది. ఆవు గురించి అనుకుని సరేనన్నాను. మాకు ఆవు లేదన్న సంగతి ఆమె బస్సెక్కాక గుర్తొచ్చింది. పెద్దవయసు గదా, మరిచిపోయి ఉంటుందనుకున్నాను.

మూడో రోజుకు బండి దేవుడి రథమైంది. పొగ లేదు. ఒక్క తన్నుకు స్టార్టు. నేను ధైర్యం చేసి ఇంకో రెండు గీతలు తగ్గించాను, ఈసారీ మేస్త్రీకి చెప్పకుండానే. అంటే అయిదు లీటర్లకు రెండే గీతలు. పడుగుల పక్కనే బండి స్టార్టు చేస్తే, మొదట ఫిర్యాదు తెచ్చిన ఆసామి వచ్చి సైలెన్సరు వెనక తెల్ల రుమాలు పట్టి చూసి, తల ఊపి, నాకు వీధిలో నడిపే అనుమతి ఇచ్చాడు.

ప్లగ్గు రంగు కూడా మారింది. మొదటి రోజు వక్కపొడి. రెండో రోజు గంధం. నాలుగో రోజుకు మల్లెమొగ్గ. మా నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇంత స్వచ్ఛమైన తెలుపు మనం పట్టులో కూడా తేలేము" అన్నాడు. అంత మెచ్చుకోలు ఆయన నోటి నుంచి నా గురించి ఎప్పుడూ రాలేదు. మేస్త్రీ చెప్పకుండా వదిలేసిన రోగం ఇదేనని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆ వారమే మా బావ వచ్చాడు. అక్క మొగుడు, రొళ్ల దగ్గర పల్లెలో వేరుశనగ రైతు. ఆరడుగుల మనిషి, మాట తక్కువ. తన చెల్లెలి పెళ్లికి చీరలు ఎంచుకోవడానికి వచ్చాడు. చీరలు కట్టించుకున్నాక బస్సులో పోతానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"బండి మీద దించుతా బావా. పెనుకొండ మీదుగా పోతాం."

బావ చీరల మూట ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో దాన్నే పట్టుకుని వెనక కూర్చున్నాడు. నన్ను పట్టుకోమంటే, "చీరలు నలుగుతాయి" అన్నాడు. పెనుకొండ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. హోటలు ముందర ఆగి మజ్జిగ తాగుతుంటే బావ కొండ వైపు చూశాడు. పైన కోటకు పోయే రాళ్ల దారి కనబడుతోంది.

"గుట్టలెక్కే బండి అంటివి గదా?"

"ఎక్కుతాది బావా."

"ఎక్కించు, చూద్దాం."

ఎక్కించాను. నిజం చెప్పాలంటే ఆ కాసేపు నా జీవితంలో గొప్ప సమయం. రాయి మీద నుంచి రాయి మీదకు బండి మేకలా పోతోంది. కింద ఊరు చిన్నదవుతోంది. కట్టెలు కొట్టుకుని దిగుతున్న ఆడవాళ్లు మోపులు పక్కకు తిప్పుకుని మరీ చూశారు. ఇంజను చప్పుడు సన్నబడి ఈల వేసినట్టయింది. బండి సంతోషంగా ఉందనుకున్నాను. ఇంకో మలుపు తిరిగామో లేదో, కీచుమని శబ్దం చేసి వెనక చక్రం బిగుసుకుపోయింది. పగ్గం లాగిన ఎద్దులా బండి ఉన్నచోటే నిలబడిపోయింది.

నేను హ్యాండిలును కౌగిలించుకుని మిగిలాను. బావ మూటను వదల్లేదు గనక, పట్టుకోవడానికి ఇంకేమీ లేక, వెనక నుంచి నెమ్మదిగా జారిపోయాడు. తిరిగి చూస్తే దారి మధ్యలో కాళ్లు చాపుకుని, మూట ఒళ్లో పెట్టుకుని, పంక్తి భోజనానికి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు.

"దెబ్బ తగిలిందా బావా?"

ఆయన ముందు మూట ముడి సరిచూసుకున్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఇంతేనా, ఇంకా ఉండాదా?" అన్నాడు.

కిక్కరు రాయిలా బిగుసుకుంది. క్లచ్చు నొక్కి పట్టుకుని బండిని కొండ దింపడానికి గంటన్నర పట్టింది. వేరుశనగ మూటల లారీ ఒకటి హిందూపురం పోతుంటే బండిని దాంట్లో ఎక్కించాం. బావ మూటల పైన చీరలతో కూర్చుని, ఊరు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక మాత్రం, "శనగలు మంచి రకం" అని, రొళ్ల బస్సెక్కి పోయాడు.

మేస్త్రీ ఇంజను విప్పి పిస్టను బయటికి తీశాడు. నూనె చాలక, వేడికి ఉబ్బి బిగుసుకున్నట్టుంది, పక్కలంతా పులి గీరినట్టు చారలు.

"నూనె ఎన్ని గీతలు పోస్తాండావు?"

నేను గొంతు తగ్గించి చెప్పాను.

"రెండా?" ఆయన చేతిలో స్పానరు కింద పెట్టాడు. "ముందు ఎన్ని?"

"రెండు నెలలుగా తగ్గిస్తాండా. నెల నుంచి నాలుగు. ఈ వారమే రెండు."

"నాలుగుకు అంత పొగ రాదే. రెండుకు ఇన్ని దినాలు నడవదే." ఆయనకు నా మీద కోపం కంటే ఆ లెక్క తేలకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. పిస్టనును తిప్పి తిప్పి చూస్తూ గీతలు మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

లెక్క తేల్చింది అవ్వ. తనకల్లు నుంచి వచ్చి, వాకిట్లో బండి లేకపోవడం చూసి అడిగింది. నేను జరిగింది చెప్పాను.

"నేను లేనప్పుడు దానికి ఎవురు పోసినారు?"

"ఏం పోయాల?"

"ఆముదం" అంది అవ్వ, దీపానికి నూనె పోశావా అని అడిగినంత మామూలుగా. "దినానికొక గరిటె. శనివారం చెంబుడు. చూసుకోమని నీకు చెప్పి పోలేదా?"

మా నాయన లోపల ఏదో లెక్క రాసుకుంటున్నవాడు తలెత్తాడు. "అందుకే ఆ పసుపు జాడ" అన్నాడు. తన కన్ను తప్పు చూడలేదన్న సంతృప్తి తప్ప ఆయన ముఖంలో ఇంకేమీ లేదు.

మరుసటి రోజు అవ్వను రైల్లో హిందూపురం తీసుకుపోయాను. ఆమె చెప్పిందంతా మేస్త్రీ కదలకుండా విన్నాడు. నాకు మాత్రం ఒకటే దిగులు. ఈయన అవ్వను ఏమంటాడో, అవ్వ ఈయనను ఏమంటుందో అని.

"శనివారం ఎందుకమ్మా చెంబుడు?" అని మాత్రం అడిగాడు.

"మొగబండి గదప్పా" అంది అవ్వ.

ఆయన లేచి ఆమెకు స్టూలు వేశాడు. బెంగళూరులో ఒక తెల్ల దొర పందెపు బండికి ఆముదమే వాడేవాడని, దాన్ని కలిపే పద్ధతి మాత్రం వేరని చెప్పాడు. అవ్వ నన్ను చూసి, "విన్నావా? దొరలు గూడా" అంది. తర్వాత ఇద్దరూ గంటసేపు నూనెల గురించే మాట్లాడుకున్నారు. ఆముదం వండేటప్పుడు నీళ్లు ఎంత ఉండాలో ఆయన అడిగాడు. పిస్టను ఎందుకు ఉబ్బుతుందో ఆమె అడిగింది. ఆమె మోకాళ్లకు ఏదైనా చెప్పమని కూడా అడిగింది. ఆయన నిజాయితీగా, "గ్రీజు పని చేయదమ్మా" అన్నాడు.

చివరికి ఒప్పందం కుదిరింది. ఆరు గీతలు, బజారులో దొరికే ఇంజను నూనె మాత్రమే. జెట్టు నూరు. ట్యాంకులో ఆముదం వద్దు. "సాకు తల్లీ, ఇంక సాకు" అని ఆయన, ఇంక చాలని కన్నడంలో చెప్పి, చేతులు జోడించాడు. అవ్వ కాసేపు బేరమాడి, చైనుకు మాత్రం తనే నూనె రాస్తానని ఒప్పించుకుంది.

కొత్త పిస్టను వేశాక బండి అచ్చం మేస్త్రీ చెప్పినట్టే నడిచింది. కొండెక్కేటప్పుడు కొంచెం పొగ, చదును మీద ఏమీ లేదు. ప్లగ్గు కాఫీ పొడి రంగుకు వచ్చింది. చికోరి తక్కువైందని మా నాయన గొణిగాడు.

బావ చెల్లెలి పెళ్లికి అవ్వ బండి మీదనే వస్తానంది. ఎంత చెప్పినా వినలేదు. హిందూపురం దాకా రైలు, అక్కడి నుంచి నా వెనక, ఒక పక్కకు తిరిగి కూర్చుంది. రోడ్డు దిగాక పల్లెకు మూడు మైళ్ల గుట్ట దారి. రాళ్లలో బండి ఎగిరినప్పుడల్లా వెనక నుంచి ఏ శబ్దమూ రాకపోతుంటే, ఉందో పడిపోయిందోనని రెండుసార్లు ఆగి చూశాను. రెండుసార్లూ, "నిలపొద్దురా, చల్లగా గాలి వస్తాండాది" అంది.

పెళ్లింటి ముందు దిగేసరికి ఆడవాళ్లందరూ చుట్టూ మూగారు. ఆ గుట్టల్లో భయం వేయలేదా అని అడిగారు. అవ్వ కొంగు దులుపుకుని, "నాకెందుకు భయం? వాడు ముందర కూచోనుండాడు. పడితే వాడి మీదనే గదా పడేది" అని చెప్పి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లెక్కడని అడుగుతూ లోపలికి పోయింది.